లోగో ఇచ్చిన చేత్తోనే అపాయింట్‌మెంట్ లెటర్ కూడా ఇవ్వండి

తెలుగు న్యూస్ ఛానళ్ల యజమానులకు, సీఈఓలకు, ఇన్‌పుట్ ఎడిటర్లకు నమస్కారం.

నేను రంపచోడవరం గిరిజన ఏజెన్సీ ప్రాంతంలో పదిహేడేళ్లు టీవీ కంట్రిబ్యూటర్‌గా, అంటే జీతం లేకుండా వార్తకు ఇంత అని తీసుకునే విలేకరిగా పనిచేశాను. 2005లో మొదలుపెట్టాను, 2022లో ఆగిపోయాను. ఎలా ఆగిపోయానో తర్వాత చెబుతాను. ఈ మధ్యలో మైకు మీద మూడు ఛానళ్ల లోగోలు పట్టుకున్నాను. అవేవో రాయడం లేదు, నా పేరు కూడా పెట్టడం లేదు. నా బాధ ఒక్క ఛానల్ మీద కాదు. మూడు చోట్లా పద్ధతి ఒకటే. పక్క మండలాల్లో నాతోపాటు తిరిగినవాళ్లు వేరే ఛానళ్లకు చేసేవారు, వాళ్ల దగ్గరా అదే. ఒక్కరి పేరు రాస్తే మిగిలినవాళ్లు ఇది మన గురించి కాదులే అనుకుంటారు. అందుకే అందరికీ కలిపి రాస్తున్నాను.

మీలో ఎవరూ నన్ను చూసి ఉండరు. నేను తీసిన విజువల్స్ మాత్రం చూసే ఉంటారు.

మా చిన్నప్పుడు ఊరంతటికీ ఒకటే టీవీ, పంచాయతీ ఆఫీసులో ఉండేది. సాయంత్రం ఏడింటికి వార్తలు. శాంతిస్వరూప్ గారు కనిపించి నమస్కారం చెప్పగానే అరుగు మీద పెద్దవాళ్లు మాటలు ఆపేసేవారు. ఆయన 1983 నవంబర్ 14న దూరదర్శన్‌లో తొలి తెలుగు వార్తలు చదివారని, ప్రాంప్టర్ లేని ఆ రోజుల్లో రాసుకున్నది గుర్తుపెట్టుకుని చెప్పేవారని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. అప్పట్లో తెలిసింది ఒక్కటే, ఆయన చెప్పారంటే మా నాన్న నమ్మేవాడు. ఊళ్లో ఎంత పెద్దమనిషి చెప్పినా నాలుగుసార్లు అడిగి గానీ నమ్మని మనిషి, టీవీలో చెప్పారంటే మారు మాట్లాడేవాడు కాదు. 2024 ఏప్రిల్‌లో శాంతిస్వరూప్ గారు పోయారని విన్న రోజు నాకు ముందు గుర్తొచ్చింది గొంతుక్కూర్చుని వార్తలు వింటున్న మా నాన్న ముఖమే.

డిగ్రీ అయ్యాక నేను ఫొటో స్టూడియో పెట్టుకున్నాను. పెళ్లిళ్లకు, ఓణీల ఫంక్షన్లకు వీడియోలు తీసేవాణ్ణి. 2003 చివర్లో ఈటీవీ2, 2004లో టీవీ9 వచ్చాయి. రోజంతా వార్తలే చూపించాలంటే ప్రతి మండలంలో ఒక కెమెరా ఉండాలి కదా. 2007లో ఎన్‌టీవీ, టీవీ5, 2009లో సాక్షి, ఏబీఎన్, అలా ఛానళ్లు పెరిగేకొద్దీ మాలాంటివాళ్ల అవసరం పెరుగుతూ పోయింది. ఒకరోజు జిల్లా స్టాఫ్ రిపోర్టర్ ఒకాయన నా స్టూడియోకి వచ్చి, "కెమెరా ఉంది కదా తమ్ముడూ, మాకు చెయ్యి" అన్నారు. నా ఇంటర్వ్యూ అంతే. నా పాత కెమెరా పనికిరాదన్నారు. మా ఆవిడ గొలుసు తాకట్టు పెట్టి మినీ డీవీ కెమెరా కొన్నాను. లోగోకి డిపాజిట్ కట్టమంటే అదీ కట్టాను. రసీదు అడగాలన్న ఆలోచన కూడా రాలేదు. చేతిలో మైకు, దాని మీద ఛానల్ లోగో. ఇక కావలసిందేముంది అనుకున్నాను.

అప్పట్లో క్యాసెట్ కవర్లో పెట్టి రాజమండ్రి బస్సు డ్రైవర్ చేతికిచ్చేవాణ్ణి. బస్టాండులో మావాళ్లు తీసుకునేవారు. బస్సు గోకవరంలో చెడిపోతే వార్త కూడా గోకవరంలోనే ఉండిపోయేది. ఎన్నోసార్లు క్యాసెట్ జేబులో పెట్టుకుని యాభై కిలోమీటర్ల పైచిలుకు బండి మీద నేనే వెళ్లి ఇచ్చి వచ్చాను. రాత్రి బులెటిన్‌లో పదిహేను సెకన్లు వచ్చిందని ఫోన్ వస్తే చాలు, తిరిగొచ్చేటప్పుడు ఆ అడవి దారిలో చలి తెలిసేది కాదు. తర్వాత నెట్ సెంటర్ కంప్యూటర్ నుంచి ఎఫ్‌టీపీలో ఫైలు పంపడం, ఆ తర్వాత వాట్సాప్. పంపే దారి తేలికైంది, పని మాత్రం పెరిగింది. తెల్లవారుజామున ఐదింటికి డెస్క్ నుంచి ఫోన్. "పక్క ఛానల్లో స్క్రోలింగ్ పోతోంది, నువ్వెక్కడున్నావ్?" నేను ఎక్కడున్నా సరే, లేచి వెళ్లాల్సిందే. పండగ, పెళ్లి, ఇంట్లో జ్వరం, ఏదీ అడ్డు కాదు. నా చిన్న కూతురు పుట్టినరోజుకి పదిహేడేళ్లలో నాలుగుసార్లు ఇంట్లో ఉన్నాను. లెక్క నాది కాదు, దానిది.

ఇంత చేసి ఎందుకు మానలేదని అడుగుతారేమో. ఒక సంగతి చెబుతాను. మారేడుమిల్లి పైన కొండ మీద ఒక చిన్న గూడెం. పురిటి నొప్పులు పడుతున్న మనిషిని కర్రకు కట్టిన దుప్పటిలో పడుకోబెట్టి డోలీ మోసుకుంటూ దించుతున్నారు. నేను వాళ్లతో రెండు గంటలు నడిచాను. దారిలో రెండు చోట్ల కెమెరా పక్కనపెట్టి భుజం పట్టాను కూడా. ఆ వార్త మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా తిప్పితిప్పి వేశారు. మర్నాడు గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ నుంచి అధికారులు గూడేనికి నడిచి వెళ్లారు. ఎనిమిది నెలలకు గ్రావెల్ రోడ్డు పడింది. ఆ బిడ్డ ఇప్పుడు బడికెళ్తోంది. నన్ను చూస్తే వాళ్లమ్మ ఇప్పటికీ "టీవీ బాబు" అని పిలుస్తుంది. ఆ పిలుపు కోసం చేశాను. ఆ పిలుపు నాకు ఎంత ఇష్టమో తెలుసు కాబట్టే మీరు జీతం గురించి మాట్లాడాల్సిన అవసరం రాలేదు.

ఇక కచ్చులూరు.

2019 సెప్టెంబర్ 15, ఆదివారం. మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నాను. దేవీపట్నం నుంచి ఫోన్. గండిపోచమ్మ గుడి దగ్గర నుంచి పాపికొండలకు బయల్దేరిన రాయల్ వశిష్ఠ బోటు కచ్చులూరు దగ్గర మునిగిపోయిందని. గోదావరి వరద మీదుంది. అన్నం వదిలేసి బండి తీశాను. దేవీపట్నం నుంచి ఇంజిన్ పడవ వాణ్ణి బతిమాలి ఎక్కాను. నేను వెళ్లేసరికి తూటుగుంట గిరిజనులు నాటు పడవల మీద వెళ్లి అందినవాళ్లను అందినట్టు లాగి ఒడ్డుకు చేర్చేశారు. బయటపడింది 26 మంది. వాళ్లు ఒడ్డున తడి బట్టలతో కూర్చుని ఉన్నారు. ఒకాయన నీళ్ల వైపు చూస్తూ భార్య పేరు పిలుస్తున్నాడు. గట్టిగా కూడా కాదు, పక్కనున్న మనిషిని పిలిచినట్టు పిలుస్తున్నాడు. కెమెరా ఎత్తాను, దించేశాను. మళ్లీ ఎత్తాను. ఆ విజువల్ పంపాను. పంపకుండా ఉండాల్సిందా అని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను.

అక్కడ ఫోన్ సిగ్నల్ లేదు. తీసిన ప్రతిసారీ పడవలో దేవీపట్నం దాకా వచ్చి పంపాలి, మళ్లీ వెళ్లాలి. మొదటి రాత్రి నాలుగుసార్లు తిరిగాను. వరద గోదావరిలో చీకట్లో పడవ ప్రయాణం అంటే ఏమిటో ఆ నది పక్కన పుట్టినవాడిగా నాకు తెలుసు. లైఫ్ జాకెట్ లేదు. మూడో రోజున హైదరాబాద్ నుంచి వచ్చిన టీమ్ దగ్గర చూశాను లైఫ్ జాకెట్లు. వాళ్ల మీద నాకు కోపం లేదు. వాళ్లూ నిద్రలేకుండా పనిచేశారు, అందులో ఒకతను తన జాకెట్ తీసి నాకిచ్చాడు కూడా. కానీ అది కంపెనీ నాకు ఇవ్వాల్సింది, అతను కాదు.

వరంగల్ నుంచి, హైదరాబాద్ నుంచి, విశాఖ నుంచి వచ్చిన బంధువులు రోజుల తరబడి ఎదురుచూశారు. మునిగిన పడవలను వెలికితీసే కాకినాడ ధర్మాడి సత్యం బృందం లంగర్లు, ఇనుప రోప్‌లు వేసి లాగుతూనే ఉంది. రోప్ తెగిపోయేది, మళ్లీ వేసేవారు. అక్టోబర్ 22న, ముప్పై ఎనిమిదో రోజున, బోటు బయటికొచ్చింది. హైదరాబాద్ టీములు మొదటి వారం తర్వాత వెళ్లిపోయాయి, చివరి రెండు రోజులకు మళ్లీ వచ్చాయి. మధ్యలో ఉన్నది మేమే. ఏజెన్సీ కంట్రిబ్యూటర్లం ఆరేడుగురం.

ఆ ముప్పై ఎనిమిది రోజులకూ నాకు వచ్చింది ఎంతో చెప్పనా? స్టోరీకి 250 రూపాయల చొప్పున, ప్రసారమైన వాటికే లెక్క. ఎన్ని ప్రసారమయ్యాయో చూసుకునేది మీ ఆఫీసే. పదకొండు స్టోరీలని లెక్క తేల్చారు. 2,750 రూపాయలు. పడవలకు, పెట్రోలుకు నా జేబులోంచి పోయింది పద్నాలుగు వేల పైన. ఆ డబ్బు మూడు నెలల తర్వాత వచ్చింది. స్టోరీకి డబ్బు అనేది నాకు వచ్చింది అదే ఆఖరు. కరోనా వచ్చాక అదీ ఎత్తేశారు. "యాడ్స్ తీసుకో, కమీషన్ ఉంటుంది, అందులో చూసుకో" అన్నారు.

ఈ ఒక్క మాట కోసమే ఇంత పెద్ద లేఖ రాస్తున్నాను. దయచేసి ఇక్కడ కాసేపు ఆగి చదవండి.

నిజానికి యాడ్ల పని నాకు కొత్త కాదు. అంతకుముందు నుంచే ఉగాదికి, దసరాకి, సంక్రాంతికి, జనవరి ఫస్టుకి, ఛానల్ వార్షికోత్సవానికి టార్గెట్ ఉండేది. మా మండలంలో యాడ్ ఇవ్వగలిగేవాళ్లు ఎవరుంటారు? మెటల్ క్వారీ యజమాని, రోడ్డు పనుల కాంట్రాక్టరు, ఇసుక ర్యాంపు నడిపేవాడు, ప్రైవేటు స్కూలు కరస్పాండెంటు, పోటీ చేయాలనుకునే నాయకుడు. వీళ్లను దాటితే కిరాణా కొట్లే. అంటే నేను ఎవరి మీద కన్నేసి ఉంచాలో వాళ్ల దగ్గరికే చేతులు కట్టుకుని వెళ్లి "సార్, శుభాకాంక్షల యాడ్" అని అడగాలి. టార్గెట్ అందకపోతే బ్యూరో నుంచి ఫోన్. "పక్క మండలం వాడు లక్ష చేశాడు. నువ్వు చెయ్యలేకపోతే చెప్పు, లోగో కోసం పదిమంది తిరుగుతున్నారు." ఆ ఫోన్ చేసినాయనకు పైనుంచి ఇంకో ఫోన్ వచ్చి ఉంటుంది. మీ పైన ప్రతి గురువారం రేటింగుల టెన్షన్ ఉంటుంది. అది అలా దిగుతూ దిగుతూ మా మండలం దాకా వస్తుంది. మా కింద ఇంకెవరూ లేరు.

ఇక నేను చేసిన తప్పు. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు.

మా ప్రాంతంలో ఒక ప్రైవేటు స్కూలు, దానికి హాస్టల్. ఒక పిల్లాడు నాకు ఫోన్ చేశాడు. వాగు నీళ్లే ట్యాంకులో నింపుతున్నారు, అవే తాగుతున్నాం, జ్వరాలొస్తున్నాయి అని. వెళ్లాను. ట్యాంకు తీశాను, పిల్లలు పడుకున్న గది తీశాను, పిల్లల మాటలు బైట్లుగా తీసుకున్నాను. ఆ రోజు ఒక పిల్ల వాళ్ల నాన్న అక్కడే ఉన్నాడు, కొండరెడ్డి తెగ ఆయన. నేను షూట్ చేస్తుంటే చేతులు జోడించి నిలబడ్డాడు. బయటికి రాగానే కరస్పాండెంటు ఫోన్. ఆయన దసరాకి, సంక్రాంతికి కలిపి నాకు నలభై వేల యాడ్ ఇచ్చే మనిషి. ఆ ఏడాది నా టార్గెట్‌లో సగం అదే. "బాగు చేయించేస్తాను, నాలుగు రోజులు ఆగు" అన్నాడు. ఆగాను. నాలుగు రోజులు వారమైంది, వారం రెండు వారాలైంది. పదకొండు మంది పిల్లలు ఆసుపత్రిలో చేరారు. ఆ కొండరెడ్డి ఆయన కూతుర్ని కాకినాడ పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. ఆ పిల్ల బతికింది. బతకడంలో నా గొప్ప ఏమీ లేదు. అక్కడ వార్డు బయట ఆయన నన్ను చూసి లేచి నిలబడి అడిగాడు: "బాబూ, ఆ రోజు తీశారు కదా, టీవీలో రాలేదేం?"

ఆయన నన్ను తిట్టలేదు. సాంకేతికంగా ఏదో అయి ఉంటుందని, నా చేతిలో లేదేమోనని అనుకున్నాడు. టీవీ మీద ఆయనకు మా నాన్నకున్న నమ్మకమే ఉంది.

తప్పు నాది. నేను పంపలేదు. మీ డెస్క్‌లో ఎవరూ ఆ వార్త ఆపలేదు, అసలు మీ దాకా రానేలేదు. కానీ అలాంటి వార్తలు మీ దాకా రాకుండా ఎన్ని మండలాల్లో ఎన్ని ఆగిపోతున్నాయో మీకు తెలిసే దారి లేదు. ప్రసారమైన వార్తకు లెక్క ఉంటుంది. యాడ్ కోసం పుట్టకుండానే పోయిన వార్తకు లెక్క ఎక్కడుంటుంది?

విలేకరులు దందాలు చేస్తున్నారని జనం అంటారు. నిజమే, చేసేవాళ్లు ఉన్నారు. మైకు చూపించి బెదిరించి డబ్బులు గుంజేవాళ్లను నేనూ చూశాను, వాళ్ల వల్ల తలవంచుకున్నాను. కానీ జీతం ఇవ్వకుండా, పైగా ఏడాదికి ఇంత తెమ్మని లోగో చేతిలో పెడితే, ఆ లోగో ఏమవుతుందని మీరు అనుకున్నారు? నిజాయితీగా ఉండాలనుకున్నవాడు ఇల్లు గడవక మానేస్తాడు. మానకుండా మిగిలినవాడు ఎలా మిగిలాడో చూడండి. చదువుకున్న మంచి కుర్రాళ్లు రెండేళ్లు చేసి మెడికల్ రెప్‌లుగా, ప్రైవేటు టీచర్లుగా వెళ్లిపోవడం నా కళ్లారా చూశాను. అందులో ఒకడు నాకన్నా ఎంతో బాగా రాసేవాడు.

నిజం చెప్పినందుకు ఒంటరిగా మిగిలేదీ మేమే. మా ఏజెన్సీకి ఆవల ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్. బీజాపూర్‌లో ముఖేశ్ చంద్రాకర్ అనే జర్నలిస్టు ఉండేవాడు. 2021లో మావోయిస్టుల చెరలో ఉన్న జవానును విడిపించి తీసుకురావడంలో సాయపడిన మనిషి. రోడ్డు పనుల్లో అవినీతి మీద వార్త వచ్చాక 2025 జనవరి మొదట్లో అతణ్ణి చంపి సెప్టిక్ ట్యాంకులో పడేశారు. ఆ వార్త చూసిన రాత్రి మా ఆవిడ నా దగ్గర కూర్చుని, "నువ్వు ఇప్పుడు చెయ్యకపోవడమే మంచిదైంది" అంది. పల్లెలో కాంట్రాక్టరు మీద వార్త రాసేవాడి వెనక ఎవరూ ఉండరని కాంట్రాక్టరుకు తెలుసు. ఇతని పేరు ఏ కంపెనీ రికార్డులోనూ లేదని కూడా తెలుసు. ఒక కాగితం ఉంటే ప్రాణం నిలబడుతుందని నేను అనడం లేదు. కానీ కాగితం ఉన్నవాడి మీద చెయ్యెత్తేముందు ఒకసారి ఆలోచిస్తారు.

ఇప్పుడు నేను ఎలా ఆగిపోయానో చెబుతాను.

2022 జూలై వరదలు మీకు గుర్తుండే ఉంటాయి. భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. దేవీపట్నం నుంచి కూనవరం దాకా ఊళ్లకు ఊళ్లే మునిగాయి. వారం రోజులు నేను సరిగా ఇంటికి రాలేదు. చింతూరు వైపు వెళ్లి రాత్రి పూట మారేడుమిల్లి ఘాట్ దిగుతుంటే విరిగిపడ్డ కొమ్మ మీదకు బండి ఎక్కి జారిపోయింది. కాలు రెండు చోట్ల విరిగింది. లారీ వాళ్లు చూసి తీసుకెళ్లారు. ఆసుపత్రిలో ఉండగా డెస్క్ నుంచి ఫోన్. విజువల్స్ అప్‌లోడ్ అయ్యాయా అని. ఆ కుర్రాడికి నా సంగతి తెలియదు పాపం. నా ఫోన్లోంచి నా తమ్ముడు పంపాడు. ఆ రాత్రి అవి ప్రసారమయ్యాయి.

ఆపరేషన్‌కి లక్షా ఎనభై వేలు అయింది. ఏమైనా సాయం చేస్తారా అని అడిగాను. "నువ్వు కంట్రిబ్యూటర్‌వి కదా, హెచ్‌ఆర్ లిస్టులో లేవు, ఎలా పెట్టమంటావ్?" అన్నారు. ఆ మాట అన్నాయన చెడ్డవాడు కాదు, తన జేబులోంచి ఐదు వేలు పంపాడు. రెండు నెలల తర్వాత నన్ను వాట్సాప్ గ్రూపులోంచి తీసేశారు. పదిహేడేళ్ల పనికి రాజీనామా చేయడానికి కూడా నాకు వీల్లేకపోయింది. ఉద్యోగం ఉంటేనే కదా రాజీనామా.

అదే జూలైలో జగిత్యాల జిల్లా రాయికల్ మండలంలో, గోదావరి వరదలో చిక్కుకున్న వ్యవసాయ కూలీల వార్త కోసం వెళ్లిన ఒక టీవీ రిపోర్టర్ కారు వాగులో కొట్టుకుపోయింది. ఆ కూలీలను ప్రాణాలతో బయటికి తెచ్చారు. వాళ్ల కోసం వెళ్లినవాడు తిరిగి రాలేదు. నేను మంచం మీద కాలు పైకి కట్టి పడుకుని ఆ వార్త చూశాను. అంతకు రెండేళ్ల ముందు, 2020 జూన్‌లో, హైదరాబాద్‌లో ఒక కుర్ర రిపోర్టర్ కరోనాతో గాంధీ ఆసుపత్రిలో చనిపోయాడు. ఇలాంటివి జరిగినప్పుడు అందరం ఫొటోకి దండ వేస్తాం, స్క్రీన్ మీద నివాళి వేస్తాం. నాకు నివాళి వద్దు. పోకముందే ఏదైనా చెయ్యండి.

చట్టం సంగతి కూడా కొంచెం మాట్లాడాలి. 1955లో వర్కింగ్ జర్నలిస్టుల చట్టం వచ్చినప్పుడు టీవీ ఛానళ్లు లేవు, అది పత్రికల వాళ్లకే. నాలుగు వారాల్లో 144 గంటలకు మించి పని చేయించకూడదని అందులో ఉండేది. ఆ మాట చదివినప్పుడు నాకు కళ్లు తిరిగాయి. కచ్చులూరు దగ్గర ఆ గంటలు మాకు రెండు వారాల్లోపే అయిపోయాయి. టీవీ వాళ్లం ఆ చట్టంలోకి రాము అని ఇన్నేళ్లూ చెప్పారు. 2020లో పార్లమెంటు ఆమోదించి, 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి తెచ్చిన కొత్త లేబర్ కోడ్‌లో వర్కింగ్ జర్నలిస్టు అంటే ఎలక్ట్రానిక్ మీడియా, డిజిటల్ మీడియా వాళ్లు కూడా అని రాశారు. ఫుల్ టైమ్ అయినా, పార్ట్ టైమ్ అయినా. కాకపోతే ఒక మెలిక ఉంది. సంస్థలో పనిచేస్తున్నవాడై ఉండాలి. మా దగ్గర ఆ రుజువే లేదు. ఉన్నది ఒక లోగో, ఒక ఐడీ కార్డు. కొన్ని ఐడీ కార్డుల వెనక "ఇది ఉద్యోగానికి రుజువు కాదు" అని చిన్న అక్షరాల్లో అచ్చేసి ఉంటుంది. నా మూడో ఛానల్ కార్డు మీద అలాగే ఉండేది. అందుకే ఇంతలా లెటర్ లెటర్ అంటున్నాను. ఆ ఒక్క కాగితం లేకపోతే చట్టం ఎంత మంచిదైనా మా గుమ్మం తొక్కదు.

ఛానళ్లకు డబ్బులు లేవని మీరంటారు. అబద్ధమని నేననను. యాడ్లు ఫోన్లలోకి వెళ్లిపోయాయి. కేబుల్లో ఛానల్ కనిపించాలంటే మీరే ఎదురు కట్టాల్సి వస్తోంది. స్టాఫర్లకు కూడా రెండు మూడు నెలలు జీతాలు ఆగిపోయిన రోజులు నాకు తెలుసు. కానీ ఎన్నికల ఫలితాల రోజున స్టూడియోకి కొత్త సెట్ వేయడానికి డబ్బు దొరుకుతుంది. ఉన్న డబ్బులో ముందు ఎవరికి అన్నది మీ నిర్ణయమే కదా. యాంకర్ ఎంత గట్టిగా మాట్లాడినా, ఆ వెనక గోడ మీద ఆడే విజువల్ ఎక్కడో ఒకడు వానలో నిలబడి తీస్తేనే వస్తుంది.

నేను అడిగేవి పెద్దవి కావు. మీ లోగో పట్టుకున్న ప్రతి మనిషికీ అతను మీవాడని ఒక కాగితం ఇవ్వండి. నెలకు ఇంత అని, తక్కువైనా సరే, బ్యాంకులో పడేలా చూడండి, పెట్రోలు ఖర్చు దానికి అదనం. వరదకు, తుపానుకు పంపేటప్పుడు ప్రమాద బీమా, ఒక లైఫ్ జాకెట్ ఇవ్వండి. లైఫ్ జాకెట్ ధర మీ గ్రాఫిక్స్ రూములో ఒక రోజు కాఫీల ఖర్చు దాటదు. అన్నిటికన్నా ముఖ్యంగా, యాడ్ల పని రిపోర్టర్ చేతిలోంచి తీసేయండి. దానికి వేరే మనిషిని పెట్టుకోండి, ఆ మనిషి లోగో పట్టుకోకూడదు. ఇది ఒక్కటి చేసినా చాలు, మిగతావి నెమ్మదిగా అయినా ఫర్వాలేదు. ఇది మా కోసం మాత్రమే కాదు. ఆసుపత్రి వార్డు బయట నిలబడి అడిగినాయన కోసం కూడా.

నా చోటులోకి వచ్చిన కుర్రాడు నాకు బాగా తెలుసు. వాడికి ఇరవై ఆరేళ్లు, డిగ్రీ రాజమండ్రిలో చదివాడు. విజువల్ ఫ్రేమ్ పెట్టడం నా దగ్గరే నేర్చుకున్నాడు. ప్రభుత్వం ఇచ్చే విలేకరి గుర్తింపు, అక్రిడిటేషన్ కోసం అప్పటి మా జిల్లా కేంద్రం పాడేరు దాకా వెళ్లాల్సి వచ్చినప్పుడు రెండు రోజులు పట్టిందని, దారి ఖర్చులకు అప్పు చేశానని చెప్పాడు. మొన్న రాత్రి ఫోన్ చేశాడు. సంక్రాంతి యాడ్ల టార్గెట్ వచ్చిందట. "అన్నా, ఆ స్కూలు కరస్పాండెంటు మీకు బాగా ఇచ్చేవాడంట కదా, నన్నోసారి పరిచయం చేస్తారా?" అని అడిగాడు.

నేను ఏమీ చెప్పలేకపోయాను. పొద్దున్నే ఫోన్ చేస్తానన్నాను. పొద్దున్నే లేచి ఈ లేఖ రాయడం మొదలుపెట్టాను. వాడికి ఇంకా ఫోన్ చేయలేదు. వాడికి ఏం చెప్పమంటారో మీరే చెప్పండి.

ఇట్లు,
రంపచోడవరం నుంచి
మీ పాత కంట్రిబ్యూటర్